బొట్టు పెట్టిన బంతి

2006 జూన్‌ల నాకు బదిలీ అయింది. ఘట్‌కేసర్ దిక్కు ఒక ఊరి బడి నుంచి, నాచారంల మల్లాపూర్ పోయే తొవ్వల ఉన్న ఒక సర్కారు హైస్కూలుకు. హోదా పాతదే, పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు. ఈ కొలువు సంగతి తెల్వనోళ్ల కోసం చెప్తున్న. హైస్కూల్ల హెడ్మాస్టరు కింద స్కూల్ అసిస్టెంట్లు, వాళ్ల కింద భాషా పండితులు, అందరి కింద ఆటల సారు. స్టాఫ్ రూముల కుర్చీలు గూడ అదే వరుసల ఉంటయి. నాకు తలుపు పక్క కుర్చీ దొరికింది. ఎవరు లోపలికొచ్చినా తలుపు నా మోకాలికి తాకేది. వచ్చినోళ్లు “సారీ మల్లేశం సార్” అనుకుంట పోయేటోళ్లు. ఏడేండ్లు ఆ సారీలు విన్న.

నేను కబడ్డీ మనిషిని. భువనగిరి దిక్కు మట్టిల ఆడి, ఆ ఆటతోనే వ్యాయామ విద్యల డిప్లొమా సీటు తెచ్చుకున్నోన్ని. కొత్త బడిల ఆడపిల్లలతోని కబడ్డీ జట్టు కడదామనుకున్న. గ్రౌండు చూసినంక ఆ ముచ్చట విడిచిపెట్టిన. మట్టి అన్నదే లేదు, అంత మొరం, కంకర. అయినా మనసు ఊకోక ఒక్కరోజు ఆడించిన. నలుగురు పిల్లల మోకాళ్లు గీసుకపోయినయి. మర్నాడు నలుగురి తల్లులు గేటు కాడికొచ్చిన్రు. అండ్ల ఒకామె మల్లాపూర్‌ల కంపెనీల పనిచేస్తది, షిఫ్టుకు ఆలస్యమైతుందని నన్ను తిట్టుడు గూడ తొందర తొందరగ తిట్టి ఆటో ఎక్కింది.

అప్పటికే పైనుంచి సర్క్యులర్ వచ్చి ఉండె. ప్రతి హైస్కూలు జోనల్ పోటీలకు ఒక ఆడపిల్లల జట్టును తప్పకుంట పంపాలె. జోనల్ అంటే ఉప్పల్, కాప్రా, మల్కాజిగిరి చుట్టుపక్కల బడులన్ని కలిసి ఆడేది. అండ్ల గెలిచినోళ్లు జిల్లాకు పోతరు. కింద పడకుంట ఆడే ఆట ఏదని ఆలోచించిన. వాలీబాల్ దొరికింది. ఒక పిల్ల నాయిన మల్లాపూర్‌ల వెల్డింగు పని చేస్తడు. ఆయన రెండు ఇనుప పైపులు తెచ్చి, పాత లారీ టైర్లల్ల సిమెంటు పోసి నిలవెట్టిండు. సున్నంతోని నేను గీతలు గీసిన. స్టోరు రూముల బంతులు రెండు. ఒకటి కొత్తది, ఇంకొకటి నాచారం చౌరస్త కాడి మోచీతోని మూడుసార్లు కుట్టించింది. దాన్ని ఎటు కొట్టినా ఎడమకే పోయేది.

ఇగ అసలు సంగతి. మా హెడ్మిస్ట్రెస్ విజయలక్ష్మి మేడం గుంటూరు మనిషి. భర్త ఇక్కడనే ఒక కేంద్ర సంస్థల ఇంజినీరు. మంచామె, దైవభక్తి ఎక్కువ, పదో తరగతి రిజల్టు మీద దానికన్న ఎక్కువ భక్తి. ఆగస్టుల ఒకరోజు నన్ను గదిలకు పిలిచింది. నేను పోయేసరికి లెక్కల సారు నర్సింహాచారి ఎదురుంగ కూసోని ఉన్నడు. ఆయన ముంగట టైం టేబులు, చెవి మీద పెన్సిలు. చూడంగనే నాకు సగం అర్థమైంది.

“మల్లేశం గారూ, బుధవారం, శనివారం చివరి రెండు పీరియడ్లు ఆటలకి పోతున్నాయి. చారి గారేమో లెక్కలకి టైం చాలట్లేదంటున్నారు. నన్నేం చెయ్యమంటారండీ?” అన్నది మేడం.

గా రెండు దినాల కోసమే కొంతమంది పిల్లలు బడికొస్తున్నరని నేను చెప్పిన. అది ఉన్నమాటే. మేడం పెన్ను తిప్పుకుంట తీర్పు చెప్పింది. జోనల్‌ల మా ఆడపిల్లలు ఒక్క మ్యాచి గెలిస్తె ఆ పీరియడ్ల జోలికి ఎవ్వరు రారు. గెలవకపోతె నాలుగు పీరియడ్లు లెక్కలకు పోతయి. చారి సారు అక్కడికక్కడనే నాలుగు గడుల్ల చిన్నగ ‘గణితం’ అని రాసిండు.

“పెన్సిల్‌తోనే రాసిన గద సార్, ఫికర్ ఎందుకు? గెలిస్తె తుడుస్తం,” అన్నడు నా దిక్కు చూసి.

నాకు నిజంగ భయమైంది. పీరియడు లేని ఆటల సారు అంటే ఇగ పొద్దుగాల ప్రార్థనకు లైను వెట్టుడు, పగటీలి అన్నం కాడ లైను వెట్టుడు, అంతే. అది నా బాధ. పిల్లల బాధ ఇంకోటి. ఆ ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు ఇంటికి పోయినంక ఆడేది ఏం లేదు. నీళ్ల ట్యాంకరు కాడ బిందెలు పెట్టాలె, తమ్మున్ని ఎత్తుకోవాలె, అమ్మ కంపెనీకెల్లి వచ్చేసరికి బియ్యం కడగాలె. వాళ్లు నోరు తెరిచి అరిచేది, నవ్వేది ఆ నాలుగు పీరియడ్లల్లనే.

ఒక్క మ్యాచి గెలవాలంటే ఏం నేర్పాలె అని లెక్క గట్టుకున్న. ఆ వయసు ఆడపిల్లల మ్యాచిల స్మాషులు, బ్లాకులు ఏం ఉండయి. ఎవరి సర్వీసు నెట్టు దాటుతదో వాళ్లదే గెలుపు. దాటిన బంతిని అవతలోళ్లు సగంసార్లు కిందనే వేస్తరు. సర్వీసుల రెండు తీర్లు. నెత్తి మీదికెల్లి కొట్టేది ఓవర్ ఆర్మ్, దానికి భుజంల బలం కావాలె. నడుము కాడికెల్లి, కింది నుంచి పైకి కొట్టేది అండర్ ఆర్మ్. చూస్తందుకు సాదాసీదగ ఉంటది గని భరోస ఉన్న సర్వీసు. నేను అదొక్కటే పట్టుకున్న.

ఎడమ కాలు ముందట, కుడి కాలు ఎనుక. ఎడమ అరచేతిల బంతి, నడుమెత్తున. కుడి చెయ్యి పిడికిలి బిగించి, మోచెయ్యి వంచకుంట ఎనుకకు ఊపాలె. బంతిని జానెడంత ఎగరేసి, ఎడమ చెయ్యి కిందికి తీసి, అప్పుడు కొట్టాలె. చేతిల ఉండంగనే కొడితె ఫౌలు. గీత తొక్కితె ఫౌలు. చదువుతుంటె అల్కగనే ఉంటది. మా పిల్లలు బంతిని జానెడు ఎగరెయ్యమంటే బారెడు ఎగరేసి, అది దిగేదాక నోరు తెరుసుకోని చూసేటోళ్లు. ఒక పిల్ల కొట్టిన బంతి ఎనుకకు పోయి పగటీలి పప్పు గిన్నెల పడ్డది. వంటామె గంటె వట్టుకోని నా మీదికొచ్చింది.

జట్టు కెప్టెన్ స్వరూప. తొమ్మిదో తరగతి, బక్కగ ఉంటది, నోరు మాత్రం మనిషికి రెండింతలు. మొదటి వారం ఆమె కొట్టిన ప్రతి దెబ్బ ఆమె ఎడమ మణికట్టుకే తగిలింది.

“సార్, ఎడమ చెయ్యి అడ్డమొస్తుంది,” అన్నది.

“అడ్డమొస్తె కిందికి తియ్యి బిడ్డ.”

“తీస్తె బంతి పడ్తది గద సార్.”

“పడేలోపల కొట్టాలె. అదే ఆట.”

ఈ ఒక్క ముక్క వాళ్ల చేతులకు ఎక్కేసరికి నెల పట్టింది. అందరికన్న ముందు నస్రీన్‌కు వచ్చింది. వాళ్ల అబ్బకు సైకిల్ షాపు ఉండె. బంతికి గాలి గొట్టే జిమ్మెదారి ఆమెదే. మాటలు తక్కువ, దెబ్బ గట్టిది. సెప్టెంబరు ఆఖరుకల్ల పది సర్వీసులు కొడితె ఏడు దాటుతుండె. నేను మురిసిపోతున్న. అంతల వానలు పడి జోనల్ పోటీలు దసరా సెలవుల తర్వాతికి పడ్డయి. అక్కడ మొదలైంది నా కథ.

దసరా వచ్చిందంటే నాచారం, మల్లాపూర్‌లల్ల మిషనుకు బొట్టు లేకుంట ఉండది. లేతు మిషను కాడికెల్లి ఆటో దాక అన్నిటికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మా బడిల గూడ సెలవులిచ్చే రోజు ఆయుధ పూజ చేస్తరు. ఆ ఏడు బల్ల మీద బడి గంట, కుట్టుమిషను, సైన్సు ల్యాబు త్రాసు, చారి సారు బోర్డు మీద గీసే పెద్ద కట్టె కంపాసు పెట్టిన్రు. నాకొక ఉపాయం తట్టింది. బంతి మేడం కంట్ల పడాలె, ఆటలు గూడ చదువేనని ఆమె మనసుల పడాలె. రెండు బంతులను తెచ్చి, కొత్తదాన్ని గంట కన్న ముంగట పెట్టిన.

మేడం బంతికి పసుపు రాసింది, మూడు దిక్కుల కుంకుమ బొట్లు పెట్టింది, హారతిచ్చింది. అటెంక ఆడపిల్లల దిక్కు తిరిగి, “ఇవాళ్టి నుంచి ఇది మీకు బంతి కాదమ్మా, సాక్షాత్తూ సరస్వతీదేవి. భక్తిగా చూసుకోండి,” అన్నది. అందరికన్న ముందు చప్పట్లు కొట్టింది నేనే. కొరివితోని తల గోక్కునుడంటే ఏందో సెలవులైనంక తెలిసింది.

బడి తెరిచిన రోజు. జోనల్‌కు ఇంక నాలుగు దినాలు. పిల్లలు చున్నీలు నడుముకు కట్టుకోని వచ్చిన్రు. స్వరూప గీత ఎనుక నిలవడ్డది. నేను విజిల్ ఊదిన. ఆమె కొట్టలే. మళ్ల ఊదిన. బంతి దిక్కు చూసుకుంట నిలవడ్డది.

“కొట్టు బిడ్డ.”

“ఎట్ల కొడుత సార్?”

“ఎట్ల కొట్టుడేంది? రెండు నెలలాయె నేర్పవట్టి.”

“గప్పుడు బంతి సార్. గిప్పుడు సరస్వతి. సరస్వతిని పిడికిలితోని గుద్దుతరా?”

ఎనుక ఉన్నోళ్లంత తలకాయలు ఊపిన్రు. అండ్ల ఒకామె, పిడికిలి సంగతి తర్వాత, దేవతను ఎడమ చేతిల పట్టుకునుడే తప్పు అన్నది. ఇంకొకామె, అట్లయితె కుడిచేతిల పట్టుకోని ఎడమ చేతితోని కొడదాం అన్నది. ఎడమ చేతితోని కొట్టుడు ఇంక పెద్ద తప్పు గాదానె అని మూడో ఆమె లేచింది. గ్రౌండుల పండితుల సభ నడిచింది. నాకు మండింది. తడిగుడ్డ తెచ్చి, వాళ్ల ముంగటనే బంతి మీది బొట్లు తుడిచేసిన.

“ఇగో, పోయింది. ఇగ కొట్టుండ్రి,” అన్న.

“బొట్టు తుడిస్తె దేవుడు పోతడా సార్?” అన్నది స్వరూప. “మా ఇంట్ల దసరాకు పటాలన్ని తుడుస్తం. దేవుడు ఆడనే ఉంటడు.”

ఎడమకు పోయే పాత బంతి తెచ్చిన. అది గూడ బల్ల మీదనే ఉండె గద సార్ అన్నరు. అప్పుడు నస్రీన్ ముందటికొచ్చి కొత్త బంతిని తీసుకున్నది. ఎడమ చెయ్యి కిందికి తీసి కొడితె బంతి చక్కగ నెట్టు దాటి మూలకు పడ్డది. నా పానం లేచొచ్చింది. ఆరుగురి జట్టుల ఒక్కరన్న కొడుతున్నరు అనుకున్న. రెండోసారి ఆమె వంతొచ్చింది. చూస్తె నస్రీన్ గూడ బంతిని కండ్లకద్దుకుంటున్నది.

“నీకేమైంది బిడ్డ?” అన్న.

“అందరు ఇంత ఇజ్జత్ ఇస్తుంటే నేనొక్కదాన్ని గుద్దితె మంచిగుండది గద సార్,” అన్నది.

మేడం దగ్గరికి ఉరికిన. మీరే వచ్చి పిల్లలకు నచ్చజెప్పాలె అన్న. ఆమె మురిసిపోయి, పిల్లల్లో భక్తి ఉంటే మంచిదే కదండీ అన్నది. ఆఖరికి తొవ్వ చూపించింది గూడ స్వరూపే. పుస్తకానికి కాలు తగిలితె కండ్లకద్దుకోని మొక్కుతం, తప్పు పోతది. గట్లనే ముందుగాల బంతికి మొక్కి, మన్నించుమని చెప్పి, అటెంక కొడుతమన్నది. ఇది మంచిగుంది అనిపించింది. వెంటనే సరే అన్న.

ఇగ చూడాలె వాళ్ల సర్వీసు. బంతిని కుడి కన్నుకు అద్దుకునుడు, ఎడమ కన్నుకు అద్దుకునుడు, నొసటికి ఆనించి కండ్లు మూసుకునుడు, పెదవులతోని ఏదో అనుకునుడు, అటెంక కొట్టుడు. చిత్రమేందంటే సర్వీసు మునుపటికన్న మంచిగైంది. మొక్కేటప్పుడు శ్వాస కుదురుతది, తొందర తగ్గుతది, చూపు బంతి మీద నిలుస్తది. పదిల తొమ్మిది దాటుతున్నయి. దేవుడే నాకు కోచ్ అయిండని స్టాఫ్ రూముల చెప్పుకున్న. చారి సారు చెవి మీది పెన్సిలు సవరించుకున్నడు.

నేను మరిచిపోయింది ఒక్కటే రూలు. రెఫరీ విజిల్ ఊదినంక ఎనిమిది సెకన్లల్ల సర్వీసు కొట్టాలె. లేకుంటె పాయింటు అవతలోళ్లకు పోతది. తెల్వక కాదు, డిప్లొమా పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్న రూలే. గని బడి గ్రౌండుల విజిల్ ఊదేది నేనే, ఓపిక వట్టి చూసేది నేనే. గడియారం ఎవరు చూస్తరు?

పోటీలు ఉప్పల్‌ల ఒక బడి గ్రౌండుల. మేడం ఆటోల వచ్చింది. పెండ్లికి పోతూ పిల్లిని సంకల వెట్టుకపోయినట్టు చారి సారును గూడ తోలుకొచ్చింది. ఆయన జేబుల టైం టేబులు మడత కనవడుతుండె. మా మొదటి మ్యాచి మల్కాజిగిరి దిక్కు ఒక బడితోని. వాళ్ల పిల్లలు పొడుగున్నరు, అందరికి ఒకటే తీరు బూట్లు. రెఫరీ కుర్చీ ఎక్కింది సత్తయ్య. డిప్లొమా చదివేటప్పుడు హాస్టల్ల నా గదిల ఉన్నోడు, నా సబ్బుతోని స్నానం చేసినోడు. జర మనోడే అనుకున్న. జోనల్‌ల బంతి జట్లే తెచ్చుకోవాలె, రెండిట్ల మంచిది రెఫరీ ఎంచుతడు. సత్తయ్య మా బంతినే ఎంచిండు. దాని కుట్ల సందుల పసుపు ఇంక పోలే.

మొదటి సర్వీసు స్వరూపది. విజిల్ పడ్డది. కుడి కన్ను. ఎడమ కన్ను. నొసలు. పెదవులు కదులుతున్నయి. సత్తయ్య గడియారం చూసుకున్నడు. మళ్ల విజిల్. రెండు చేతులు పైకెత్తి ఎనిమిది వేళ్లు చూపించిండు. ఆలస్యానికి రెఫరీ చూపే గుర్తు అది. మా పిల్లలు ఆయన దీవిస్తున్నడనుకున్నరు. స్వరూప దండం గూడ పెట్టింది. బంతి అవతలి పక్కకు పోయినంక గని తెలువలే అది దీవెన కాదని.

నేను కుర్చీ కాడికి ఉరికిన. “సత్తయ్యా, పిల్లలు మొక్కుతున్నరే. జర చూడరాదు,” అన్న.

“మొక్కని మల్లేశం, నేనొద్దన్ననా? ఎనిమిది సెకన్లల్ల మొక్కుమను,” అన్నడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటే ఇదే. ఆ సెట్టుల ఏడు పాయింట్లు ఒక్క మొక్కులకే పోయినయి. ఇరవై ఐదు, పదహారుతోని సెట్టు పోయింది. మూడు సెట్లల్ల రెండు గెలిచినోళ్లది మ్యాచి. ఇంకోటి పోతె ఆట అయిపోయినట్టే, పీరియడ్లు పోయినట్టే.

సెట్టుకు సెట్టుకు నడుమ మూడు నిమిషాలు ఇస్తరు. పిల్లలు చుట్టు నిలవడ్డరు. ఒక్క కన్నుకే అద్దుకోండ్రి, కొంచెం సమయం మిగులుతది అన్న. ఒక్క కన్నుకా అని వాళ్లు నన్ను చూసిన చూపుకు ఆ మాట ఎనుకకు తీసుకున్న. మేడం దగ్గరికొచ్చి ఏమైందని అడిగింది. అంత చెప్పిన. ఆమె మొఖం చిన్నగైంది.

“అయ్యో, సరస్వతి అని చెప్పింది నేనే కదండీ. ఇప్పుడు కాదని నా నోటితో ఎలా చెప్పను?” అన్నది.

అప్పటిదాక దూరంగ నిలవడ్డ చారి సారు మెల్లగ వచ్చిండు. ఎగతాళికి వచ్చిండేమో అనుకున్న. ఆయన ప్యాంటు మడిచి కింద కూసోని, కంకర రాయితోని నేల మీద రాసుడు మొదలువెట్టిండు. ‘మొ’ అంటే మొక్కు, ‘స’ అంటే సర్వీసు. మొ ఇంటు స, ప్లస్ మొ ఇంటు స, ప్లస్ మొ ఇంటు స. ఆరుసార్లు రాసి తలెత్తిండు.

“దీన్ల ఏం చెయ్యాలె?” అని అడిగిండు.

ఆరుగురు ఒక్క గొంతుతోని, “మొ కామన్ తియ్యాలె సార్,” అన్నరు.

“మరి తియ్యుండ్రి. ఆరుగురికి ఆరు మొక్కులెందుకు? అందరు కలిసి ముందుగాల్నే ఒక్క మొక్కు మొక్కుండ్రి, అది బ్రాకెట్ బయట. లోపల ఎన్ని సర్వీసులున్నా అన్నిటికి అదే వర్తిస్తది.”

పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. స్వరూపకు ఇంక నమ్మకం కుదరలే. “గిది దేవునికి తెలుస్తదా సార్?” అన్నది.

“సరస్వతికి లెక్కలు రావానే?” అన్నడు చారి సారు.

పిల్లలు మేడం దిక్కు చూసిన్రు. మేడం గట్టిగ తలకాయ ఊపి, “వస్తాయమ్మా, బాగా వస్తాయి,” అన్నది.

ఆరుగురు గుండ్రంగ నిలవడి బంతి మీద చేతులువెట్టి మొక్కిన్రు. మ్యాచి మొత్తానికి సరిపోను మొక్కాలె గద, బాగ పొడుగు మొక్కు మొక్కిన్రు. అవతలి జట్టు కోర్టుల నిలవడి చూస్తున్నది. సత్తయ్య విజిల్ ఊదిండు. ఆట ఆలస్యం చేసినందుకు మా జట్టుకు వార్నింగు. ఇది సర్వీసు ఫౌలు కాదు, వేరే లెక్క. మొదటిసారి రాసుకోని ఊకుంటరు. అదే మ్యాచిల రెండోసారి జట్టుల ఎవరు ఆలస్యం చేసినా అవతలోళ్లకు పాయింటు, సర్వీసు రెండు పోతయి. జట్టు అంటే అండ్ల కోచ్ గూడ వస్తడు. ఈ సంగతి నేను పిల్లలకు రెండుసార్లు గట్టిగ చెప్పిన.

రెండో సెట్టుల మా పిల్లలు విజిల్ పడంగనే కొట్టిన్రు. ఎడమ చెయ్యి కిందికి, పిడికిలి పైకి. బంతి దాటుడు, అవతలోళ్లు కింద వేసుడు. ఇరవై ఐదు, పందొమ్మిదితోని గెలిచినం. మూడో సెట్టు పదిహేను పాయింట్లకే. పన్నెండు దాక పోటాపోటీగ పోయి, ఆ మీద నస్రీన్ రెండు సర్వీసులు వరుసగ మూలకు కొట్టింది. పద్నాలుగు, పన్నెండు. ఒక్క పాయింటు కావాలె, సర్వీసు మళ్ల నస్రీన్‌దే.

అప్పుడు అవతలోళ్ల చేతికి తగిలి బయటికొచ్చిన బంతి దొర్లుకుంట నేను కూసున్న బెంచీ కాడికొచ్చింది. బూటుతోని ఆపిన. నస్రీన్ గీత కాడికెల్లి రెండు చేతులు చాపి, “సార్, బాల్,” అన్నది. నేను వంగి తీసుకున్న. నాకు బూటు యాదికొచ్చింది. దాని తర్వాత ఏం చేసిన్నో నాకు సోయి లేదు, చూసినోళ్లు చెప్పిన్రు. కుడి కన్నుకు అద్దుకున్న. ఎడమ కన్నుకు అద్దుకున్న. నొసటికి ఆనించి కండ్లు మూసుకోని, కాలు తగిలింది తల్లీ మన్నించు అనుకుంట నిలవడ్డ. నస్రీన్ “సార్, సార్” అని మూడుసార్లు పిలిచిందంట.

విజిల్ పడ్డది. కండ్లు తెరిస్తె సత్తయ్య నన్నే చూస్తున్నడు. రెండో ఆలస్యం. పద్నాలుగు, పదమూడు. సర్వీసు అవతలోళ్లది.

చారి సారు దిక్కు చూసిన. పరీక్షల సున్న మార్కులొచ్చినోన్ని చూసినట్టు చూసిండు. మేడం కండ్లు మూసుకోని ఉన్నది.

అవతలోళ్లల్ల అందరికన్న పొడుగున్న పిల్ల సర్వీసుకొచ్చింది. ఓవర్ ఆర్మ్ కొడ్తది, ఆ మ్యాచిల మా మీద అందరికన్న ఎక్కువ పాయింట్లు తెచ్చింది ఆమెనే. గీత ఎనుకకు పోయి బంతిని రెండుసార్లు నేలకు కొట్టింది. విజిల్ పడ్డది. బంతిని పైకెత్తి, ఆగింది. దాని కుట్ల సందుల పసుపు చూసింది. మా పిల్లల దిక్కు చూసింది. అటెంక బంతిని కుడి కన్నుకు అద్దుకున్నది.

నేను నా కండ్లను నమ్మలే. ఎడమ కన్నుకు అద్దుకున్నది. వాళ్ల సారు బెంచీ మీదికెల్లి లేచి కొట్టు, కొట్టు అని మొత్తుకుంటున్నడు. ఆమె నొసటికి ఆనించుకోని కండ్లు మూసుకున్నది. పాపం, కొత్తగ మొక్కేది గద, ఏం మొక్కాలెనో ఆలోచిస్తున్నట్టుంది. సత్తయ్య గడియారం చూసుకున్నడు. రెండు చేతులు పైకెత్తిండు. ఎనిమిది వేళ్లు.

పదిహేను, పదమూడు. ఈసారి మా పిల్లలకు ఆ వేళ్ల అర్థం తెలుసు. వాళ్ల కేకలకు పక్క కోర్టుల మ్యాచి ఆగింది.

రెండో మ్యాచి వరుస సెట్లల్ల ఓడిపోయినం, దాని ముచ్చట ఎందుకు. తిరిగొచ్చేటప్పుడు బస్సుల స్వరూప నన్ను అడిగింది. ఆ పిల్ల మొక్కిన మొక్కు ఆమెకు కాకుంట మనకెందుకు పనిచేసింది సార్ అని. నాకు తెల్వదు, చారి సారును అడుగు అన్న. మాతోనే బస్సెక్కిన చారి సారు కిటికీలకెల్లి బయటికి చూసుకుంట, “అది వేరే చాప్టరు,” అన్నడు. సోమవారం ఆయనే నా కుర్చీ కాడికొచ్చి, టైం టేబులు నా మోకాలి మీద పెట్టి, నాలుగు గడులు రబ్బరుతోని తుడిచిండు. నేను రిటైరయ్యేదాక ఆ పీరియడ్ల జోలికి ఎవ్వరు రాలే.

ఈ సంగతి నాకు నేర్పింది ఇది. సర్వీసు నేర్పేటోడు మొదటి దినం నుంచే చేతికి గడియారం కట్టుకోవాలె. పిల్లలు బంతి ఎట్ల కొడుతున్నరో చూస్తె చాలదు, కొట్టేముందు ఏం చేస్తరో గూడ చూడాలె. దాన్ని మాన్పియ్యాలనుకునుడు దండుగ, ఎందుకంటే నేర్పేటోనికి గూడ అదే అలవాటు ఉంటది. అందుకే మరుసటేడు ఆయుధ పూజకు నేను బంతిని తీసుకపోలే. నెట్టును మడతవెట్టి గంట ముంగట పెట్టిన. మేడం దానికి గూడ బొట్టు పెట్టి, ఇదీ సరస్వతేనమ్మా అన్నది. ఆ ఏడు జోనల్‌ల మా పిల్లలు ఒక్కరు గూడ నెట్టును ముట్టుకోలే. వాలీబాల్‌ల నెట్టు ముట్టుకుంటె ఫౌలు.